ఇసుక ఎటు చిమ్ముతోందో చూసి బ్రష్ పట్టు

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన లాంగ్ జంప్ ఫొటో చూశాను. మడమలు ఇసుకను తాకిన క్షణం అది. చేతులు ముందుకి ఊగాయి, జడ వెనక్కి లేచింది, ఇసుక పాదాల ముందు చిమ్మింది. ఇంత మంచి క్షణం చేతికొచ్చాక దాని మీద ఆయిల్ పెయింట్ ఫిల్టర్ కొట్టేసి ఆర్ట్ అయిపోయిందంటే ఎలాగమ్మా? ముఖానికీ, ఇసుకకీ, వెనకాల గ్యాలరీకీ అదే కుంచె, అదే మందం. కన్ను ఎక్కడ నిలవాలో తెలియక బొమ్మంతా తిరిగి బయటికొచ్చేస్తుంది.

ఫొటోషాప్ తెరవగానే పైన ఒక ఖాళీ లేయర్ (గాజు పలకలాంటి పారదర్శక పొర) పెట్టి, ఎర్ర బ్రష్‌తో బాణం గుర్తులు గియ్యి. ఒంటి వేగం ఎడమ నుంచి కుడికి. జడ, వీపు, చొక్కా వెనక అంచు, ఇవన్నీ వెనక్కి ఈడుస్తున్నాయి. ఇసుక ఒక్కటే ముందుకీ పైకీ పోతోంది. ఇకపై నువ్వు వేసే ప్రతి గీతా, ప్రతి బ్లరూ ఈ బాణాల మాట వినాలి. చాలామంది చేసే పొరపాటేమిటంటే, ఒళ్లు రేణువులై ఎగిరిపోతున్నట్టు చేసేటప్పుడు, అందంగా ఉందని ఛాతీ వైపు నుంచి ముక్కలు చెదరగొడతారు. అప్పుడు అమ్మాయి దూకుతున్నట్టుండదు, ఎదురుగాలికి కొట్టుకుపోతున్నట్టుంటుంది. ఆ లేయర్‌ని చివరిదాకా తీసెయ్యకు, కన్ను గుర్తు నొక్కి దాచుకో చాలు.

తర్వాత సైజు సంగతి. ఏ3 ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ల (300 పీపీఐ) చొప్పున 4961×3508 పిక్సెళ్లు కావాలి. నువ్వు దగ్గరగా క్రాప్ చేసి పంపింది 2400×1600. దీన్ని ఇమేజ్ సైజ్‌లో ‘ప్రిజర్వ్ డీటెయిల్స్ 2.0’ పెట్టి రెండింతలు చేస్తే 4800×3200 వస్తుంది, ఏ3కి దగ్గర్లోకి వచ్చినట్టే. కానీ ఈ పెంచడం పెయింటింగ్‌కి ముందే జరగాలి. అసలు సైజులో వేసిన కుంచె గీతలు ఫొటోలోని మెత్తదనాన్ని కప్పేస్తాయి. పెయింట్ చేశాక పెంచితే ఆ గీతలే మసకబారతాయి. నాయిస్ (ఫొటోలో చుక్కల గరుకు) కూడా ఇప్పుడే తగ్గించు. ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) ఎక్కువ పెట్టి తీసిన ఫొటోలో ఆ గరుకు వదిలేస్తే, ఆయిల్ పెయింట్ ఫిల్టర్ దాన్ని కూడా వివరమే అనుకుని చర్మం మీద పురుగులు పాకినట్టు గీస్తుంది.

అసలు లేయర్‌కి తాళం వేసి, కాపీ తీసి, దాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసుకో. ఫిల్టర్ల విలువలు రేపైనా ఎల్లుండైనా మార్చుకోవచ్చు.

ఇప్పుడు కత్తిరింపు. సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే ముప్పాతిక పని అయిపోతుంది, తల ప్రాణం తోకకి తెచ్చేది మిగతా పావే. బూట్లు, మోచేయి, మోకాలు వంటి గట్టి అంచులకి పెన్ టూల్ వాడు. జడకి సెలెక్ట్ అండ్ మాస్క్‌లో రిఫైన్ ఎడ్జ్ బ్రష్ వాడు. ఫెదర్ 0.5 పిక్సెల్, షిఫ్ట్ ఎడ్జ్ మైనస్ 10 నుంచి 20 శాతం మధ్య చాలు. ముందుకి ఊపిన చేతివేళ్లు నీ ఫొటోలోనే కాస్త చెదిరి ఉన్నాయి చూశావా? వాటిని బ్లేడుతో కోసినట్టు కొయ్యకు. మాస్క్ (తెల్లగా ఉన్నచోట లేయర్‌ని చూపించి, నల్లగా ఉన్నచోట దాచే తెర) మీద బ్లర్ టూల్‌తో అక్కడి అంచుని కూడా అంతే మెత్తన చెయ్యి. చెదిరిన వేలికి పదునైన అంచు పెడితే అట్టబొమ్మ అతికించినట్టుంటుంది. పని అయ్యాక కింద ఒకసారి ముదురు ఎరుపు, ఒకసారి నలుపు నింపి చూడు. పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు అంచుల్లో ఎక్కడ దాక్కున్నా బయటపడుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ దగ్గరే అందరూ పడతారు, కాబట్టి ఇక్కడ నిదానించు. అమ్మాయి వేరే లేయర్‌లో ఉంది కదా అని కింది ఫొటోకి నేరుగా మోషన్ బ్లర్ ఇస్తే, ఆమె చొక్కా రంగు, చర్మం రంగు రెండు పక్కలా సాగి, కత్తిరించిన బొమ్మ చుట్టూ దయ్యంలా కనిపిస్తాయి. అందుకని ముందు కింది కాపీలోంచి ఆమెను పూర్తిగా తీసెయ్యాలి. సెలెక్షన్‌ని 15 పిక్సెళ్లు బయటికి పెంచి కంటెంట్ అవేర్ ఫిల్ కొట్టు, చుట్టుపక్కల చూసి ఆ ఖాళీని అదే పూడుస్తుంది. వచ్చేది అతుకులబొంతలా ఉన్నా ఫరవాలేదు, ఎలాగూ బ్లర్ అవుతుంది. అప్పుడు మోషన్ బ్లర్ ఇవ్వు. కోణం నీ బాణాన్ని బట్టి, దూరం ఈ సైజుకి 150 నుంచి 200 పిక్సెళ్లు. ఇసుక గుంటని మాత్రం మాస్క్‌తో బ్లర్ నుంచి తప్పించు. నేల కూడా సాగిపోతే ఆమె కాలు ఆనేందుకు చోటుండదు.

పెయింటింగ్‌లో ఆయిల్ పెయింట్ ఫిల్టర్ వద్దని కాదు, దాన్ని అడుగు పూతగా వాడు. స్టైలైజేషన్ 3, క్లీన్లీనెస్ 4, స్కేల్ 0.5, బ్రిసిల్ డీటెయిల్ 1 దగ్గర మొదలుపెట్టి కన్ను ఒప్పుకున్నంత మార్చుకో. లైటింగ్ టిక్ తీసెయ్, లేకపోతే ఒళ్లంతా ప్లాస్టిక్ మెరుపు వస్తుంది. మెనూలో ఆ ఫిల్టర్ నొక్కుడు పడకపోతే ఫైలు సీఎంవైకేలో (ప్రింటు ఇంకుల రంగుల పద్ధతి) ఉందేమో, సెట్టింగుల్లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఆపి ఉందేమో చూడు. ఆ ఫిల్టర్ ఆర్‌జీబీలోనే (స్క్రీన్ రంగుల పద్ధతి) పనిచేస్తుంది. ఫిల్టర్ మాస్క్ మీద ముఖం, చేతివేళ్లు, చొక్కా మీది నంబరు దగ్గర నల్ల బ్రష్ తిప్పు. అంకెలు కరిగిపోతే మళ్లీ నిలబెట్టడం కష్టం.

దాని పైన ఖాళీ లేయర్ పెట్టి మిక్సర్ బ్రష్ (రంగుల్ని తడి పెయింట్‌లా కలిపే కుంచె) తీసుకో. ‘శాంపుల్ ఆల్ లేయర్స్’ టిక్ ఉండాలి, లేకపోతే ఖాళీ లేయర్ మీద ఎంత రుద్దినా ఏమీ రాదు. వెట్ 30, లోడ్ 20, మిక్స్ 40, ఫ్లో 60 ఉంచు. గీత గీతకీ బ్రష్ కడిగే బటన్ ఆన్‌లో పెట్టుకో. అది ఆపేస్తే నిక్కరు నీలం మోసుకెళ్లి తొడ మీద పూస్తావు, ఎక్కడ తప్పు జరిగిందో తెలియదు. తొడ కండరం మీద గీత తుంటి నుంచి మోకాలికి పోవాలి. అడ్డంగా గీస్తే కండరంలో బిగువు పోయి దిండులా ఉంటుంది. ఒంటికి 80 నుంచి 120 పిక్సెళ్ల బ్రష్, ముఖంలో 20 దాటకు. కళ్లూ, బిగించిన పళ్లూ ముట్టుకోకు. ఆ పళ్లలోనే దూకుడంతా ఉంది.

ఇక నీకిష్టమైన చెదరగొట్టే పని. నెట్‌లో దొరికే త్రిభుజాల బ్రష్‌లు ఎందుకు? ఇసుక నీ ఫొటోలోనే ఉందిగా. గాల్లో రేణువులు విడివిడిగా కనిపించే చిన్న చోటు ఎంచి, కొత్త ఫైల్లో పెట్టి, రంగు తీసేసి, కంట్రోల్-ఐ తో నలుపూ తెలుపూ తారుమారు చెయ్యి. బ్రష్ తయారయ్యేటప్పుడు నల్లగా ఉన్నది పడుతుంది, తెల్లగా ఉన్నది పడదు. నీ రేణువులేమో వెలుగులో ఉన్నాయి. లెవెల్స్‌తో వెనకభాగం పూర్తి తెలుపయ్యేదాకా లాగి, డిఫైన్ బ్రష్ ప్రీసెట్ నొక్కు. బ్రష్ సెట్టింగుల్లో స్పేసింగ్ 70, సైజ్ జిట్టర్ 90, యాంగిల్ జిట్టర్ 100, స్కాటరింగ్ 150 శాతం.

అమ్మాయి లేయర్‌కి కాపీ తీసి, అసలు దాని కిందికి జరిపి, లిక్విఫైలో (బొమ్మని పిండిలా సాగదీసే ఫిల్టర్) ఫార్వర్డ్ వార్ప్‌ని 500 పిక్సెళ్ల సైజులో పట్టుకుని వీపునీ జడనీ వెనక్కి లాగు. వికారంగానే ఉంటుంది, కంగారుపడకు. ఆల్ట్ నొక్కి మాస్క్ బటన్ కొడితే నల్ల మాస్క్ వచ్చి అంతా మాయమవుతుంది. ఆ మాస్క్ మీద తెల్ల రంగుతో ఇసుక బ్రష్ అద్దు. పై లేయర్ మాస్క్ మీద నల్ల రంగుతో వీపు అంచున మాత్రం అద్దు. ఒంటి దగ్గర పెద్ద రేణువులు, దూరం పోయేకొద్దీ చిన్నవి, పల్చన. బ్రష్ తిప్పకు, ఒక్కో చోట ఒక్కో నొక్కు. ఒంట్లో పదో వంతు కంటే ఎక్కువ చెదిరిందంటే చెయ్యి ఆగలేదన్నమాట.

రంగులకి గ్రేడియంట్ మ్యాప్ వేసి, సాఫ్ట్ లైట్ మోడ్‌లో ఒపాసిటీ 30 శాతం పెట్టు. నీడల్లో ముదురు నీలం, వెలుగులో నారింజ బాగుంటాయి. 50 దాటితే చర్మం చచ్చిపోతుంది. పాదాల కింద నీడ మర్చిపోకు, లేకపోతే గాల్లో వేలాడుతుంది. అన్నిటి పైనా ఓవర్‌లే లేయర్‌లో 50 శాతం బూడిద రంగు నింపి, మోనోక్రొమాటిక్ నాయిస్ 2 లేదా 3 శాతం ఇవ్వు. వేర్వేరు లేయర్లన్నీ ఒకే కాగితం మీదివిలా కలిసేది ఆ సన్నటి గరుకుతోనే.

ప్రింటుకి ముందు ప్రూఫ్ కలర్స్ (ప్రింటులో రంగులెలా వస్తాయో స్క్రీన్ మీద చూపేది) పెట్టి చూడు. ఆ నారింజ, మెరిసే నీలం సీఎంవైకేలో నీరసపడతాయి. అక్కడే సర్దుకోవాలి తప్ప ప్రింటరుని తిట్టుకుని లాభం లేదు. స్క్రీన్ కోసమైతే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రొఫైల్ చాలు. ఫైలు 2 జీబీ దాటితే ఫొటోషాప్ మామూలు ఫార్మాట్ పీఎస్‌డీగా సేవ్ కాదు, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీ ఎంచుకో.

ఇంకొకటి. ఈ ఫొటో నువ్వు తీసింది కాదన్నావు. ఎంత మార్చినా ఆధారం ఆ ఫొటోనే కాబట్టి, తీసినవారిని అడక్కుండా అమ్మకానికి పెట్టకు. గాయకుడు ప్రిన్స్ ఫొటో ఆధారంగా ఆండీ వార్హోల్ చేసిన బొమ్మని పత్రికకి ఇచ్చిన విషయంలో, 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఫొటో తీసిన లిన్ గోల్డ్‌స్మిత్ వైపే తీర్పిచ్చింది. ఆ దూకిన అమ్మాయినీ ఒక మాట అడుగు.

మళ్లీ పంపేటప్పుడు జేపీజీ కాకుండా లేయర్లున్న ఫైలే పంపు. ఆ బాణాల లేయర్‌తో సహా.

పెదనాన్న