‘దీంతో’ అని రాసే ముందు

చిట్టితల్లీ,

పత్రిక డెస్క్‌లో, విలేకరుల వార్తలు దిద్దే సబ్ ఎడిటర్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఇంటిల్లిపాదికీ వినిపించేలా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

పేర్లు, ఊళ్లు, అంకెలు సరిచూడటం అక్కడ వాళ్లే నేర్పుతారు. ‘కాగా’, ‘ఇదిలా ఉండగా’ కనిపిస్తే తీసేసి చదువు, చాలాసార్లు వార్తకు ఏ లోటూ రాదు. నా భయమంతా ‘దీంతో’ గురించే.

1998 మొదట్లో వరంగల్ వైపు పత్తికి పురుగు పట్టి, అప్పులపాలై రైతులు ప్రాణాలు తీసుకుంటున్న రోజులవి. ఒక రాత్రి అలాంటి ఒక రైతు గురించి విలేకరి రాసిన కాపీ నా బల్ల మీదికి వచ్చింది. పంట పోయిందనీ, పురుగుమందుల కొట్లో బాకీ ఉందనీ, ముందురోజు కొడుకుతో మాటామాటా అనుకున్నాడనీ విలేకరి వేటికవే రాశాడు. ఉన్న జాగా సింగిల్ కాలమ్. పంట, బాకీ రోజూ వచ్చేవే కదా అని కోసేశాను. మిగిలిన రెండు ముక్కలకూ అతుకు కావాలి. ‘దీంతో’ అని పెట్టాను. కొడుకుతో గొడవపడ్డాడు, దీంతో ప్రాణం తీసుకున్నాడు. ఆ మాట విలేకరి రాయలేదు, కాపీలో ఎవరూ అనలేదు. నేను పుట్టించాను.

వారం తర్వాత ఆ అబ్బాయి పేపర్ కటింగ్ పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. అరవలేదు. “మా నాయిన నా వల్లనే పోయిండని మీకెవరు చెప్పిన్రు సార్?” అన్నాడు. లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశాం. ఆ ఊళ్లో దాన్ని ఎంతమంది చూసి ఉంటారు?

‘దీంతో’ ఒక్కటి మానేస్తే సరిపోతుందనుకోకు. తెలుగులో క్రియ కూడా అతుకుతుంది. ‘తిని వెళ్లాడు’ అంటే ఒకదాని తర్వాత ఒకటి, అంతే. ‘వాన కురిసి చెరువు నిండింది’ అన్నామా, కర్తలు వేరయ్యేసరికి ఆ ‘కురిసి’ కారణమై కూర్చుంటుంది. ఎవరి మాట పక్కనైనా ‘అయితే’ చేర్చావంటే ఆ మనిషిని అనుమానించినట్టే. కారణం తెలియనప్పుడు ఫుల్‌స్టాప్ పెట్టి వదిలేయ్. ‘ఆ మరుసటి రోజు’ అన్నంతవరకే తెలిస్తే అంతే రాయి. తెలిస్తే, ‘అప్పుల వల్లేనని భార్య చెప్పారు’ అని ఎవరన్నారో కలిపి రాయి.

ఎడిషన్ టైమ్ అయిపోతోందని ఎవరు తొందరపెట్టినా విలేకరికి ఒక్క ఫోన్ చెయ్యి. తిడితే పడు, ఫోన్ మాత్రం మానకు. ఆ రాత్రి నా బల్ల మీద ఫోన్ ఉంది. నేనే చేయలేదమ్మా.

నైట్ డ్యూటీ పడినప్పుడు అన్నం తిని వెళ్లు. నీకు ఆకలేస్తే చెప్పే అలవాటు లేదు.

మీ పెదనాన్న