పులి లేకుండా మళ్లీ రాయి

తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మన్యంలో చింతపల్లి అవతల చలిమంట, చుట్టూ నలుగురు స్నేహితులు, ముంతల్లో జీలుగు కల్లు, మధ్యలో పెద్దాయన వేట కబుర్లు. మంట దగ్గర ఉన్నంతసేపూ బాగుంది. పులి దూకగానే చెడింది. ఆ పులిని నువ్వు చూడలేదు. నాకు తెలిసి పెద్దాయనా చూడలేదు.

వేట కబురు మంట దగ్గర పెరుగుతుంది. మొదటి ఏడు దుప్పి, మరుసటి ఏడు కణుజు, మూడో ఏటికి అడవిదున్న. వినేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. ఒకడు దగ్గుతాడు, ఒకడు నవ్వాపుకుంటాడు. ఆ దగ్గూ ఆ నవ్వూ కాగితం మీద లేకపోతే మిగిలేది ఉత్త కోత. పోయినేడు ఏ జంతువో, ఈ ఏడు ఏదైందో, ఎవరు దగ్గారో రాయి.

ఇరవై ఏళ్లప్పుడు నేనూ మా తాత వేట మీద కథ రాశాను. తాతతో అడవికి వెళ్లిన ముసలాయనకి చదివి వినిపించాను. నా కథలో తాత ఒక్క గుండుతో పందిని పడగొట్టాడు. ముసలాయన చుట్ట ఆర్పి, "పంది సరే బాబూ, దాన్ని కొండ దింపిందెవరు?" అన్నాడు. దింపింది ఆయనే. జాడ పట్టిందీ, గాలి చూసి తాతని ఏ చెట్టు చాటున కూర్చోబెట్టాలో చెప్పిందీ ఆయనే. నా కథలో ఆయన పేరే లేదు. నీ కథలోనూ జాడ పట్టినవాడు లేడు, చూసుకో.

చైత్రంలో ఇటుకల పండగకి అటు వెళ్లావా ఎప్పుడైనా? మగవాళ్లు వేటకి పోతారు. ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్లు ఎగతాళి చేసి పేడనీళ్లు చల్లుతారు. మధ్యలో దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయేవాళ్ల దగ్గర పజోరు అనే పండగ డబ్బు వసూలు చేస్తారు. ఒంటి మీద పేడనీళ్లు పడ్డవాడి చేత కథ చెప్పించు. పులిని చంపినవాడి కంటే వాడికి చెప్పడానికి ఎక్కువ ఉంటుంది.

ఇక చివర్లో నువ్వు అతికించిన అల్లూరి పేరా. బడి పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుంది. చరిత్రని తీసుకొచ్చి అతికించక్కర్లేదు, వాళ్ల చేతిలో ముంతలోనే ఉంది. 1879 రంప పితూరీకి ఒక ముఖ్య కారణం కల్లే. తాము తాగే కల్లు గీసుకోవడానికి కూడా డబ్బు కట్టమన్నారు, కొండ తిరగబడింది. మూడేళ్లకి, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టుకునే మనిషి తన కొండ మీదే నేరస్థుడయ్యే రోజులు మొదలయ్యాయి.

1922 సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర ఏం జరిగింది? మాటు వేసిన అల్లూరి మనుషులు, బ్రిటిష్ పటాలంలో ముందు నడిచిన మన సిపాయిలని పోనిచ్చారు. వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్‌నీ, హైటర్‌నీ కాల్చారు. నాకది వేటగాడి ఓపికలా కనిపిస్తుంది. ముందొచ్చిన జంతువుని వదిలేసి, కావలసినదాని కోసం ఊపిరి బిగబట్టడం. పందికోసం మాటులో కూర్చున్న రాత్రి చెప్తూ చెప్తూ పెద్దాయన ఈ మాటలోకి జారితే చాలు, నీ పేరా అక్కర్లేదు.

కథ ఏ కాలందో కూడా తేల్చుకో. 1972 వన్యప్రాణి చట్టం తర్వాతదైతే ఆ నాటు తుపాకీ చూరులో దాగాలి, చెప్పేవాడి గొంతు మధ్యమధ్యలో తగ్గాలి. నీ పెద్దాయన బస్‌స్టాండులో మాట్లాడినట్టు అరుస్తున్నాడు.

తిరగరాసి పంపు. వీలైతే చైత్రంలో ఇద్దరం అటు వెళ్దాం. పజోరుకి చిల్లర నేను తెస్తాను.

నీ
అన్నయ్య