శివారు అంటే ఊరి చివరా, ఊరి పొలమా?

సందేహం: మడికొండలో ఇంటిస్థలం కొన్నాము. అది ఊరికి ఆనుకునే ఉంది. అయినా దస్తావేజులో ‘మడికొండ గ్రామ శివారులోని సర్వే నంబరు’ అని రాశారు. శివారు అంటే చివర కదా, ఇది తప్పేనా? ఆ వెంచరుకు ‘కాలనీ’ అనికాక తెలుగు పేరు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: తప్పు కాదమ్మా. దస్తావేజులో ఉన్నదే ఆ మాటకు పాత అర్థం. శివారు మరాఠీ మాట. అక్కడ ‘శీవ్’ అంటే హద్దు, సంస్కృతంలోని ‘సీమ’కు మారిన రూపం. ‘శివార్’ అంటే ఊరి హద్దులోపలి పొలాలన్నీ. ఊరిని ఆనుకున్న మడి అయినా, దూరాన ఉన్న చెలక అయినా ఆ ఊరి శివారే. మన పల్లెల్లో ‘ఆ భూమి ఏ శివారుది?’ అని అడిగితే ఏ ఊరి లెక్కలోది అనే అర్థం. 2013లో మడికొండతో సహా 42 గ్రామాలను వరంగల్ నగరపాలక సంస్థలో కలిపినా, రెవెన్యూ గ్రామాల పేర్లు చెరిగిపోలేదు. అందుకే దస్తావేజులు ఇప్పటికీ పాత ఊరి పేరే చెబుతాయి.

పొలాలు ఊరి చుట్టూ ఉంటాయి కనుక, లోపలి నేలను చెప్పే మాట క్రమంగా అంచుకు పేరయింది. ‘చివర’తో ఉన్న ధ్వని పోలిక కూడా ఇందుకు తోడ్పడిందని నా అభిప్రాయం. కాలువ నీరు ఆఖరున అందే పొలాలను ‘శివారు భూములు’ అనడంలో ఆ కొత్త అర్థమే ఉంది. పత్రికల ‘నగర శివారు’ కూడా అలాంటిదే. వాడుక స్థిరపడింది, దాన్ని తప్పు పట్టనక్కరలేదు. కానీ ‘శివారు చివరన’ అని రాస్తే పునరుక్తి అని దిద్దేవారిని మాత్రం నేను ఒప్పుకోను. శివారుకు విస్తీర్ణం ఉంది, కాబట్టి చివరా ఉంటుంది. అచ్చంగా హద్దునే చెప్పాలంటే పొలిమేర ఉంది. పొలానికి మేర అది.

ఇక కాలనీ. లాటిన్‌లో ‘కొలోనస్’ అంటే సేద్యగాడు, దాని నుంచి వచ్చిన ‘కొలోనియా’యే ఇంగ్లీషు మీదుగా మనకు కాలనీ అయింది. మాటకు దోషం లేదు, పొలం వాసన దానికీ ఉంది. కానీ తెలుగు పేరే కావాలంటే కొత్తగా కల్పించకండి. మట్టెవాడలో వాడ, కాజీపేటలో పేట మీ కళ్లెదుటే ఉన్నాయి. ఆ నేల దున్నిన రైతులను ముందు అడగండి. చెట్టును బట్టో, తూమును బట్టో ఆ చెలకను వాళ్లు ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటారు. దాని పక్కన ‘వాడ’ చేర్చండి. ఆ పేరేమిటో నాకూ రాయండి.