ఏడేళ్ల బ్యాలే వృథా పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. ఆరో ఏట బ్యాలేలో చేర్చాం. స్కూల్లో సైన్స్, లెక్కలు బాగానే చేస్తుంది. ఏడాదిగా పిరొయెట్లు (ఒంటికాలి మీద గిర్రున తిరగడాలు) తప్పుతున్నాయి, కాలు మునుపటంత ఎత్తు లేవడం లేదు, ఉత్సాహం కూడా తగ్గింది. మామూలు స్కూలు మాన్పించి ఫుల్‌టైమ్ బ్యాలే స్కూల్లో చేర్చాలనుకుంటున్నాం. మా వారేమో డ్యాన్స్ ఆపించి చదువు మీద పెడదామంటున్నారు. రెండు దారులనూ పోల్చి చెప్పండి. ఇప్పుడు మానేస్తే ఏడేళ్ల కష్టం వృథా కాదా?

జవాబు: అమ్మా, పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ పోలిక కాదు, చివర్లో రాసిన ఒక్క వాక్యం. ఇలా రాసే తల్లిదండ్రులందరి ఉత్తరాల్లోనూ అది చివర్లోనే ఉంటుంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. వృథా కాదు. ఏం మిగులుతుందో తెలియాలంటే ఒకసారి బార్ దగ్గరికి, అంటే క్లాసులో పట్టుకుని సాధన చేసే కడ్డీ దగ్గరికి, వెళ్లి చూడాలి.

తాండ్యూ అనే సాధన చేసేటప్పుడు పాదం నేలను వదలకుండా ముందుకు జారుతుంది. ముందు మడమ లేస్తుంది, తర్వాత పాదం మధ్యభాగం, చివరికి వేళ్ల కొనలు మాత్రమే నేలకు ఆని ఉంటాయి. వెనక్కి వచ్చేటప్పుడు అదే వరుస తిరగబడుతుంది. చూసేవాళ్లకు ఇది కాలు చాపి ముడవడమే. టీచర్ మాత్రం "తుంటి కదిలింది" అంటుంది. పాప సర్దుకుని మళ్లీ చేస్తుంది. "ఇప్పుడు భుజం లేచింది" అంటుంది. మళ్లీ చేస్తుంది. అలకా ఉండదు, వాదనా ఉండదు. వారానికి రెండు క్లాసులు, ఏడాదికి 40 వారాలు లెక్కేసినా ఏడేళ్లకు 560 క్లాసులు. క్లాసుకు ఐదు కరెక్షన్లు అనుకున్నా మీ అమ్మాయి దాదాపు 2800 సార్లు తన తప్పు పదిమంది ముందు విని, అక్కడికక్కడే దిద్దుకుంది. తప్పు పనిలో ఉంది, నాలో కాదు అని విడదీసుకుని వినడం చాలామంది పెద్దవాళ్లకే మొదటి ఉద్యోగంలో చేతకాదు. మీ పిల్లకు అది ఒంటబట్టింది.

ఇంకొకటి, వరుసను పట్టుకోవడం. టీచర్ ఒక కాంబినేషన్‌ను, అంటే అడుగుల వరుసను, చేతులతో గుర్తుచేసినట్టుగా ఒక్కసారి చూపిస్తుంది, సంగీతం మొదలవుతుంది, కుడివైపు చేయాలి, వెంటనే ఎడమవైపు తిప్పి చేయాలి. కొన్నిసార్లు వెనక నుంచి ముందుకు కూడా. చూసింది చూసినట్టు ఒంట్లోకి దింపుకుని, దాన్ని మనసులోనే తిరగేయడం ఆపరేషన్ థియేటర్‌లోనూ పనికొస్తుంది, ల్యాబ్‌లోనూ పనికొస్తుంది. అలాగని బ్యాలే నేర్చుకుంటే మెదడు పదునెక్కి మార్కులు పెరుగుతాయని ప్రకటనలు చెప్పేదంతా నమ్మకండి. 2013లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు అనుభవమున్న బ్యాలే నర్తకుల్లో గమనించింది, గుండ్రంగా తిరిగాక వచ్చే కళ్లు తిరిగే భావాన్ని వాళ్ల మెదడు అణచుకోగలుగుతోందని. గిరగిరా తిరగడానికి అది గొప్ప వరమే గానీ, ఆల్జీబ్రాకు దానితో పనిలేదు.

మిగిలేవాటిలో చెడ్డవీ ఉన్నాయి. నొప్పి చెప్పకపోవడం ఒకటి. చెబితే పాత్ర పోతుందని పిల్లలకు తొందరగానే అర్థమవుతుంది. రెండోది అద్దం. పెరిగే వయసంతా బిగుతైన లియోటార్డ్‌లో అద్దం ముందు గడిపిన పిల్లకు, తన ఒంట్లో ముందుగా లోపమే కనబడుతుంది. మూడోదాన్ని మెచ్చుకునేవాళ్లే ఎక్కువ, అనుమానించేవాళ్లు తక్కువ. అది చెప్పింది చెప్పినట్టు చేసే అలవాటు. బ్యాలేలో పెరిగిన పిల్లలు ఉద్యోగంలో ఇచ్చిన పని చక్కగా చేస్తారు, "ఇది ఎందుకు ఇలా?" అని అడగడానికి మాత్రం వెనకాడతారు. ఈ మూడూ డ్యాన్స్ మానేసినంత మాత్రాన పోవు, ఇంట్లో మాట్లాడుకుంటేనే తగ్గుతాయి.

ఇక పిరొయెట్లు తప్పడం. ఈ వయసుకు అటూఇటూగా పిల్లలు ఒక్కసారిగా ఎదుగుతారు. ఎముక ముందు పొడుగవుతుంది, కండరాలూ నరాలూ దాన్ని అందుకోవడానికి టైం పడుతుంది. తొడ వెనక కండరం బిగుసుకుపోతుంది, అందుకే కాలు లేవదు. కాలు పొడుగైంది గానీ, మెదడులో ఉన్న లెక్క పాత కాలిదే, అందుకే తిరిగేటప్పుడు బ్యాలెన్స్ తప్పుతుంది. మోకాలిచిప్ప కింద, మడమ వెనక నొప్పులు వచ్చేదీ ఈ దశలోనే. ఇది కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. మీరు "ఉత్సాహం తగ్గింది" అనుకున్నదాంట్లో సగం, నిన్నటిదాకా వచ్చింది ఇవాళ రావడం లేదన్న బెంగ కావచ్చు. నెలకోసారి ఉదయం పూట, ఒకే గోడ దగ్గర ఎత్తు గీత పెట్టండి. నెలకు అర సెంటీమీటరు దాటి పెరుగుతుంటే ఆ నెలల్లో గెంతులు తగ్గించమని టీచర్‌ను అడగండి. ఇంట్లో బలవంతపు స్ట్రెచింగ్ పూర్తిగా ఆపండి. పాదాన్ని వంచే చెక్క పరికరాలు, కాలు కుర్చీ మీద పెట్టి తుంటిని ఆ పాదం కంటే కిందికి దించే స్ప్లిట్లు, పక్కన కూర్చుని మోకాళ్లు నొక్కడం, ఇవేవీ వద్దు. ఎదిగే ఎముక చివర్లలో ఉండే మెత్తటి భాగం ఆ ఒత్తిడికి తట్టుకోదు. ఈ దశ దాటకముందే పిల్ల ప్రతిభను తూచడం, జ్వరంలో ఉన్నవాడికి పరుగుపందెం పెట్టడం లాంటిదే.

ఇప్పుడు ఫుల్‌టైమ్ స్కూలు సంగతి. ఈ మధ్య దీనికి మోజు బాగా పెరిగింది. నాకు దీని మీద అనుమానాలు చాలానే ఉన్నాయి, దాచను.

పేరున్న పెద్ద స్కూళ్లకు శతాబ్దాల చరిత్ర ఉంది. పారిస్ ఒపేరా బ్యాలే స్కూలు మొదలైంది 1713లో. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వాగనోవా అకాడమీకి మూలమైన స్కూలు 1738 నాటిది. అక్కడ పిల్లల్ని పదేళ్ల వయసులో తీసుకుని ఎనిమిదేళ్లు తయారుచేస్తారు. ఎంపికలో డ్యాన్స్ కంటే ముందు శరీరాన్ని చూస్తారు. తుంటి కీలు దగ్గర కాలు బయటికి ఎంత తిరుగుతుంది, పాదం ఎంత వంగుతుంది, వీపు ఎలా ఉంది, కాళ్లూ మొండెం నిష్పత్తి ఏమిటి. ఇందులో చాలాభాగం పుట్టుకతో వచ్చేది, కష్టపడితే వచ్చేది కాదు. చేరాకైనా నిశ్చింత ఉండదు. పారిస్‌లో ఏటా పరీక్ష ఉంటుంది, నిలవలేని పిల్ల ఇంటికి వెళుతుంది. అక్కడిదాకా నెగ్గుకొచ్చి 18 ఏళ్లకు కంపెనీలో (వృత్తి నర్తకుల బృందంలో) చేరినా, పారిస్ ఒపేరాలో నర్తకులు 42కే రిటైర్ కావాలి. మిగతాచోట్ల చాలామంది ముప్పైల్లోనే, గాయాలతోనో అలసటతోనో ఆగిపోతారు. డ్యాన్సర్లు రెండో వృత్తి వెతుక్కోవడానికి బ్రిటన్‌లో 1973లోనే ప్రత్యేకంగా ఒక నిధి పెట్టాల్సి వచ్చింది. గెలిచినవాళ్లకే మళ్లీ చదువు కావలసివస్తోంది. అలాంటిది ఆ చదువును 13 ఏళ్లకే పక్కన పెడదామంటున్నారు మీరు.

ఆ పెద్ద స్కూళ్లకైనా వెనక ఒక కంపెనీ, ఒక పద్ధతి ఉంటాయి. నాకు ఎక్కువ భయం వేసేది "ప్రీ-ప్రొఫెషనల్" అని బోర్డు పెట్టుకుని, స్కూలు చదువును ఆన్‌లైన్‌కు నెట్టేసి, పోటీల చుట్టూ తిరిగే శిక్షణలను చూసి. అక్కడ ఒకే సోలోను ఎనిమిది నెలలు రుద్దుతారు. పదకొండేళ్ల పిల్ల పెద్దవాళ్ల వేరియేషన్ (బ్యాలే నాటకంలోని సోలో) చేస్తుంటే వీడియో భలేగా ఉంటుంది. కానీ ఆడిషన్ సోలోతో మొదలుకాదు, మామూలు క్లాసులా జరుగుతుంది. బార్, గది మధ్యలో ఆధారం లేకుండా చేసే సెంటర్, నెమ్మది అడాజియో, చిన్న చిన్న గెంతుల అలెగ్రో. మోకాలు వంచేటప్పుడు అది కాలి రెండో వేలి మీదుగా రాకుండా లోపలికి పడితే, ఎంత అందమైన సోలో చేతిలో ఉన్నా బార్ అయ్యేసరికే పేరు కొట్టేస్తారు. టర్నౌట్‌ను, అంటే కాళ్లు బయటికి తిప్పి ఉంచడాన్ని, తుంటి నుంచి కాకుండా పాదాల దగ్గర బలవంతంగా తిప్పుకోవడం నేర్చిన పిల్లల్లో కనబడేది ఇదే. పాదం లోపలికి ఒరుగుతుంది, మోకాలు మెలిపడుతుంది, పదిహేనేళ్లకే ఫిజియోథెరపీ మొదలవుతుంది.

"ఇదే ఆఖరి అవకాశం" అని మీతో ఎవరైనా అన్నారా? స్విట్జర్లాండ్‌లో జరిగే ప్రి ద లోజాన్ బ్యాలే పోటీ 1973 నుంచి నడుస్తోంది, అందులోకి 15 నుంచి 18 ఏళ్ల వాళ్లనే తీసుకుంటారు. మీ అమ్మాయికి ఇంకా ఆ వయసే రాలేదు. మిస్టీ కోప్‌లాండ్ బ్యాలే మొదలుపెట్టిందే 13 ఏళ్లకు, 2015లో అమెరికన్ బ్యాలే థియేటర్ బృందంలో ప్రిన్సిపల్ (ముఖ్య నర్తకి) అయింది. అలాంటివాళ్లు అరుదు, ఆమెను చూపి ఆశ పెట్టుకోమనను. తొందరపడొద్దనడానికే చెబుతున్నాను.

ఇంత విన్నాక కూడా ఆ స్కూలే కావాలనుకుంటే ముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. గత ఐదేళ్లలో మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు, ఎందుకు? ఆఖరి ఏడాది వాళ్లలో ఎంతమందికి జీతమొచ్చే కాంట్రాక్ట్ దొరికింది? ఎదురు డబ్బు కట్టి చేసే ట్రెయినీ స్థానాలను ఇందులో కలపనివ్వొద్దు. చదువుకు ఏ సర్టిఫికెట్ ఇస్తారు? గాయమైతే చూసేదెవరు? జవాబు రాకపోతే, రాకపోవడమే జవాబు.

మీ వారి మాట సంగతీ చెప్పాలి. ఉన్నపళంగా ఆపించడం కూడా సరికాదు. పిల్ల తన స్నేహితుల్నీ, దినచర్యనూ, తనకంటూ ఉన్న పేరునూ ఒకేరోజు పోగొట్టుకుంటుంది. మధ్యలో ఒక దారి ఉంది. మామూలు స్కూలు, వారానికి నాలుగు క్లాసులు, అందులో ఒకటి కండబలం కోసం. ఒక రోజు పూర్తి విశ్రాంతి. సెలవుల్లో రెండు మూడు వారాల ఇంటెన్సివ్ శిక్షణ శిబిరానికి పంపితే రోజుకు ఐదారు గంటలు డ్యాన్స్ చేసే బతుకు ఎలా ఉంటుందో తనకే తెలుస్తుంది. 15 దాటాక మళ్లీ ఆలోచించండి. ఈలోగా నెలసరి మూడు నెలలు వరసగా ఆగినా, 15 నిండినా అసలు మొదలుకాకపోయినా, పాదం పైభాగంలో ఒకేచోట వేలు పెట్టి చూపగలిగే నొప్పి రాత్రుళ్లు కూడా ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ప్రదర్శన తర్వాత కాదు, ఆ వారమే. చాలని తిండి, ఎక్కువైన శ్రమ కలిస్తే ఎముక పలచబడుతుంది. ఎముక గట్టిపడేది ప్రధానంగా ఈ వయసులోనే, తర్వాత పూడ్చుకుందామంటే కుదరదు.

మానేస్తే ఏమవుతుందన్నారు కదా. చికాగో మేయర్‌గా 2011 నుంచి 2019 దాకా పనిచేసిన రామ్ ఇమాన్యుయేల్ చిన్నప్పుడు బ్యాలే గట్టిగా నేర్చుకున్నాడు. జోఫ్రీ బ్యాలే అనే నృత్య సంస్థ స్కాలర్‌షిప్ ఇస్తామంటే వద్దనుకుని కాలేజీకి వెళ్లాడు. డ్యాన్స్‌కు దగ్గరగానే ఉండాలంటే దారులు చాలానే ఉన్నాయి. మీ అమ్మాయికి సైన్స్ వస్తుంది కాబట్టి ఫిజియోథెరపీ మంచి దారి. టర్నౌట్ అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేని థెరపిస్ట్ దొరికితే డ్యాన్సర్లు వదలరు. స్టేజ్ మేనేజ్‌మెంట్, దుస్తుల తయారీ, లైటింగ్ ఉన్నాయి. కదలికలను ఐదు గీతల మీద రాసే బెనేష్ లిపి తెలిసినవాళ్లు పాత నృత్యాలను కంపెనీలకు తిరిగి నేర్పుతారు, అవకాశాలు కొద్దిగానే ఉన్నా ఉన్నాయి. డ్యాన్స్ థెరపీ అని ఇప్పుడు అందరూ అంటున్నారు, దాని మీద మాత్రం భ్రమలొద్దు. అది సైకాలజీతో కూడిన పీజీ స్థాయి చదువు, పర్యవేక్షణలో శిక్షణ. ఏడేళ్ల బ్యాలే చూపించి వారాంతపు కోర్సుతో థెరపిస్ట్ అయిపోవడం కుదరదు.

చివరగా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో "చేర్చాం", "అనుకుంటున్నాం" ఉన్నాయి, "మా వారు అంటున్నారు" ఉంది. పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఏడేళ్ల కష్టం అన్నారు. దాంట్లో ప్రయాణాలు, ఫీజులు మీవి. నొప్పులు పడ్డది తను. మీరు పెట్టింది తిరిగి రాబట్టే బాధ్యత 13 ఏళ్ల పిల్ల మీద వేయకండి.

నేరుగా "నీకేం కావాలి?" అని అడిగితే మీ మొహం చూసి మీకు నచ్చే జవాబే చెబుతుంది. దానికి బదులు పాయింట్ షూస్‌కు (వేళ్ల కొనల మీద నిలబడేందుకు వేసుకునే షూలకు) రిబ్బన్లు ఎవరు కుడుతున్నారో చూడండి. కొత్త జత రిబ్బన్లు లేకుండా వస్తుంది. మడమ భాగాన్ని లోపలికి మడిచి, ఆ మడత పడ్డచోట రిబ్బన్ గుర్తుపెట్టుకోవాలి. అంచులో బిగించే తాడు ఉంటుంది, సూది దాంట్లోంచి పోతే ఆ తాడు ఇక కదలదు. రెండు షూలకూ కలిపి గంట పని. ఇన్నాళ్లూ మీరే కుట్టి ఉంటే, వచ్చే జతను సూదీ దారంతో పాటు బల్ల మీద పెట్టి ఊరుకోండి. తనే కూర్చుని కుట్టుకుంటే సరే. వారం గడిచినా డబ్బా తెరవకపోతే తిట్టకండి, మీరు కుట్టేయకండి. పక్కన కూర్చుని "ఈసారి మానేద్దామా?" అని మామూలుగా అడిగి, తను మాట్లాడేదాకా ఆగండి.