మిరపకాయ మనది కాదా?

సందేహం: పంటలు, జబ్బులు, ఓడ ప్రయాణాలు కలిసి మనుషుల చరిత్రను ఎలా మార్చాయో చెప్పే పుస్తకం ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. అందులో ‘మిరపకాయ సుమారు 500 ఏళ్ల కిందట అమెరికా ఖండం నుంచి ఇండియాకు వచ్చింది’ అని ఉంది. చదివి వినిపిస్తే మా నాన్నగారు ఒప్పుకోలేదు. ‘టమాటా, క్యాబేజీ అంటే ఇంగ్లీషు పేర్లు, బయటివి అనుకోవచ్చు. మిరపకాయ అచ్చ తెలుగు మాట. మాట మనదైనప్పుడు కాయ పరాయిది ఎట్లా అవుతుంది?’ అంటున్నారు. ఆ వాక్యం ఉంచమంటారా, తీసేయమంటారా? అలాగే బంగాళాదుంప, బంగళాదుంప – ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: వాక్యం ఉంచండమ్మా. మీ నాన్నగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, మాట మనదే. కానీ మాట వయసు చూసి వస్తువు వయసు లెక్కకట్టకూడదు. ఇంట్లో మగపిల్లలు ‘బండి తీస్తున్నా’ అని బయల్దేరితే ఆ బండికి ఎద్దులు ఉండవు కదా! బండి అనేది పాత మాట. దాని మీదికి మోటారు సైకిలు వచ్చి కూర్చుంది, తర్వాత కారూ వచ్చింది. అసలు బండి సంగతి చెప్పాలంటే ఇప్పుడు ‘ఎద్దుల బండి’ అని విడమరచాల్సి వస్తోంది. మిరపకాయ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది.

ముందు మాట సంగతి చూద్దాం. ఆ కాయ రాకముందు మనకు ఉన్నది మిరియం. సంస్కృతంలో మరిచం, ప్రాకృతంలో మిరియ, తెలుగులో మిరియము. ప్రాకృతం మీదుగా వచ్చింది కాబట్టి తద్భవం. (తత్సమం కానిదంతా అచ్చ తెలుగే అని మన వ్యాకరణాల లెక్క. ఆ లెక్కన మీ నాన్నగారి ‘అచ్చ తెలుగు’ను నేను కాదనను.) మిరియము అనే మాట మరో నామవాచకం ముందు చేరితే చివరి ‘ము’ పోయి ‘పు’ వస్తుంది. బడిలో పుంప్వాదేశ సంధి అని బట్టీ పట్టించారే, అదే. సరసము, మాట కలిసి సరసపుమాట అయినట్టు, మిరియము, కాయ కలిస్తే మిరియపుకాయ. మిరియంలా మండే కాయ అని అర్థం. నోళ్లలో నలిగి ‘య’ జారిపోయి, ‘పు’ కాస్తా ‘ప’ అయి మిరపకాయ తేలిందని నా అభిప్రాయం. మిరుపకాయ, మెరపకాయ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తప్పు పలుకుతున్నారని వాళ్లను సరిదిద్దబోకండి. ఒకే మాట ఒక్కోచోట ఒక్కో రకంగా అరిగింది, అంతే.

ఇంకా అనుమానం ఉంటే పక్కిళ్లలోకి తొంగి చూడండి. తమిళంలో మిరియం మిళగు, మిరపకాయ మిళగాయ్. కన్నడంలో మిరియం మెణసు, మిరపకాయ మెణసినకాయి. అందరూ కూడబలుక్కుని పెట్టిన పేర్లు కావివి. కొత్త కాయ చేతికి రాగానే మూడు వంటిళ్లలోనూ ఒకే పోలిక తట్టింది, అంతే. మలయాళం కథ మరీ తమాషా. ముళకు అంటే ఒకప్పుడు మిరియమే. ఇప్పుడు ఉత్తి ముళకు అంటే మిరపకాయ. మిరియాన్ని కురుముళకు అనో, నల్లముళకు అనో పిలవాలి. (ఆ ‘నల్ల’ మన నలుపు కాదు, మంచిది అని అర్థం.) మిరియానికి కేరళ పుట్టిల్లు. అక్కడే, అద్దెకు దిగినాయన ఇల్లు తన పేర రాయించుకున్నాడన్నమాట. హిందీలోనూ అదే వరస: మరిచం నుంచి వచ్చిన మిర్చ్ మిరపకాయకు పోయింది, మిరియం కాలీ మిర్చ్‌గా మిగిలింది. తెలుగు మాత్రం మిరియాన్ని దాని పేరుతోనే ఉండనిచ్చి, కొత్తదానికి పక్కన ఒక గది కట్టించింది. తర్వాత మిర్చి అనే మాటను హిందీ నుంచి తెచ్చుకుని యార్డుకూ బజ్జీకీ తగిలించాం. అలా ఒకే మరిచం రెండు దారుల్లో మన ఇంటికే చేరింది.

ఈ పొరపాటు మనతో మొదలవలేదు. ఇంగ్లీషు ‘పెప్పర్’ మూలం ఏమిటో తెలుసా? మన పిప్పలి! అది గ్రీకులో పెపెరి అయింది, లాటిన్‌లో పిపెర్ అయింది, అటు తిరిగి ఇటు తిరిగి పెప్పర్ అయింది. పిప్పళ్ల పేరు అక్కడికి వెళ్లేసరికి మిరియాలకు అంటుకుంది. ఆ మిరియాల మీద యూరపుకు ఎంత మోజంటే, 408లో గోత్‌ల రాజు అలారిక్ రోమ్‌ను చుట్టుముట్టి, ముట్టడి ఎత్తేయడానికి అడిగిన సొమ్ములో బంగారం, వెండితో పాటు 3,000 పౌన్ల మిరియాలూ ఉన్నాయి. వెయ్యేళ్లు దాటినా ఆ మోజు తీరలేదు. 1492లో కొలంబస్ పడమటి దారిన ఓడలెక్కింది ఆసియా సుగంధ ద్రవ్యాలూ బంగారమూ దొరుకుతాయనే. దొరికింది వేరే ఖండం. అక్కడి దీవుల వాళ్లు ‘అహి’ అని పిలిచే ఎర్రటి కాయ రుచి చూసి, ఇది వీళ్ల మిరియం, మన మిరియం కన్నా మేలైనదని 1493 జనవరిలో తన దినచర్యలో రాసుకున్నాడు. స్పానిష్‌లో ఇప్పటికీ మిరియం పిమియెంతా, మిరప పిమియెంతో. చివరి అచ్చు మారిందంతే. వెతుక్కుంటూ వెళ్లినదాని పేరే ఎదురైనదానికి పెట్టేశాడు. అక్కడి మనుషులను ‘ఇండియన్లు’ అన్నదీ ఆయనే కదా.

1498లో వాస్కో డ గామా కోళికోడు దగ్గర దిగాడు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి చిక్కింది. మిరపకాయ మన తీరానికి చేరింది వాళ్ల ఓడల రాకపోకలతోనే. కాబట్టి 15వ శతాబ్దపు శ్రీనాథుడు మిరపకాయ ఎరగడు. పల్నాడులో జొన్నకూడు తినాల్సి వస్తుందని విసుక్కున్న చాటుపద్యం ఆయన పేర తెలుగునాట అందరికీ తెలుసు. ఆ జొన్నకూట్లోకి నంజుకోవడానికి పండుమిరప పచ్చడి లేదు పాపం. ఇవాళ పల్నాడంటే మిరప కల్లాలు!

మరి బొత్తిగా సంబంధం లేని రెండింటికి ఇన్ని భాషల వాళ్లు ఒకే పేరు ఎందుకు పెట్టారు? మిరియం తీగకు కాస్తుంది, తమలపాకు దాని చుట్టం. మిరప మొక్కకు కాస్తుంది, దాని చుట్టాలు వంకాయ, టమాటా. చూపులోనూ పోలిక లేదు. పోలికంతా నాలుక మీదే. మిరపలో మండేది క్యాప్సైసిన్ అనే పదార్థం, మిరియంలో పైపరీన్. రెండూ వేరు. కానీ నోట్లో వేడిని పసిగట్టే ఒకే గ్రాహకాన్ని రెండూ తట్టి లేపుతాయి. అది మామూలుగా వేడివేడి కాఫీ తగిలితే మెదడుకు కబురు పంపాలి. మిరపకాయ తగిలినా ‘కాలింది’ అనే కబురే పంపుతుంది. అందుకే మనం ‘నోరు మండింది’ అంటాం. కాబట్టి పేరు పెట్టినవాళ్లు వృక్షశాస్త్రం తప్పారే గానీ నాలుక చెప్పింది తప్పలేదు.

మీ నాన్నగారిని ఒప్పించడానికి పుస్తకాలు అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్లను అడగమనండి. మా ఇంట్లో తాతగారి తద్దినం నాడు వంటలో మిరపకాయ పడేది కాదు. కూరలో మిరియాల పొడి, పచ్చట్లో అల్లం, ఆవపొడి. బంగాళాదుంప, టమాటా ఆ రోజు గడప తొక్కేవి కావు. చిన్నప్పుడు నాకు ఆ వంట చప్పగా ఉండేది, ఎందుకిలా అని అడిగితే ‘పెద్దలు తినేవి కావురా ఇవి’ అనేది మా నాయనమ్మ. పితృదేవతలకు కారం పడదని అప్పట్లో అనుకున్నాను. ఆవిడ చరిత్ర చెబుతోందని తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. పూరీ జగన్నాథుడి వంటశాలలోనూ ఇవి వాడరు. అమెరికా నుంచి పంటలు దిగక ముందటి భోజనం ఎలా ఉండేదో చూడాలంటే ఆ విస్తరి చూడండి.

‘కారం’ అనే మాట కూడా ఈ రాకతో ఒరిగింది. అసలైతే అది ఒక రుచి పేరు. మిరియానికీ శొంఠికీ కారం ఉంది. ఇవాళ ‘కూరలో కారం వెయ్యి’ అంటే ఎవరూ శొంఠి డబ్బా వైపు చెయ్యి చాపరు. రుచి పేరు కాస్తా ఒక పొడి పేరైపోయింది. గొడ్డుకారం, నల్లకారం, ఉల్లికారం అన్నీ ఆ పొడి సంతానమే. మిరియాల ఘాటును ‘మిరియపు కారం’ అని విడిగా చెప్పాల్సి వస్తోంది.

మీరు చేస్తున్నది అనువాదం కాబట్టి ఒక హెచ్చరిక. ఇంగ్లీషులో ‘పెప్పర్’ కనిపించిన చోటల్లా మిరపకాయ పెట్టకండి. ‘మిరపకాయల కోసం వాస్కో డ గామా కేరళకు వచ్చాడు’ అని అచ్చులో చదివి ఒకసారి పొలమారింది నాకు. 1500కు ముందు మన దగ్గరా, యూరపులోనూ పెప్పర్ అంటే మిరియమే. ‘కార్న్’ ఇంకా పెద్ద గుంట. ఇప్పుడు సినిమా హాల్లో కొనుక్కునే మొక్కజొన్న గింజలు గుర్తొస్తాయి గానీ, ఇంగ్లండులో కార్న్ అంటే గోధుమ, బార్లీ లాంటి తిండిగింజలు ఏవైనా. అక్కడ 1815లో చేసి 1846లో రద్దు చేసిన ‘కార్న్ లాస్’ బయటి ధాన్యం చవగ్గా దిగకుండా వేసిన సుంకాల చట్టాలు. వాటిని ధాన్యపు చట్టాలు అనాలి, మొక్కజొన్న చట్టాలు అంటే నవ్విపోతారు. తమాషా ఏమిటంటే, 1845లో ఐర్లండులో బంగాళాదుంప పైరు తెగులుతో కుళ్లిపోయి, సుమారు 10 లక్షల మంది చచ్చిపోయిన కరువు వచ్చినప్పుడు ఇంగ్లండు ప్రభుత్వం అమెరికా నుంచి ‘ఇండియన్ కార్న్’ తెప్పించింది. అది మాత్రం అచ్చంగా మొక్కజొన్న! ఒకే అధ్యాయంలో రెండు కార్న్‌లూ తగలొచ్చు, చూసుకుని అడుగు వేయండి. మనమూ తక్కువ తినలేదు లెండి. మొక్కజొన్న జొన్నకు చుట్టమే గానీ జొన్న కాదు. అదీ అమెరికాదే. ఎరిగిన జొన్న పేరు చివర తగిలించి ఇంట్లోకి రానిచ్చాం. మీ వైపు వాళ్లు దాన్ని ‘మక్కలు’ అని తేల్చేస్తారు.

‘పరంగి’ చూడండి. పరంగి అంటే ఫిరంగివాడు, అంటే యూరపువాడు. కన్నడంలో పరంగి పండంటే బొప్పాయి, తమిళంలో పరంగికాయ్ అంటే గుమ్మడి. రెండూ అమెరికా నుంచి వచ్చినవే. కాయ ఏదో ఎవరికి కావాలి, తెచ్చినవాడు గుర్తుంటే చాలు! పొగాకుకు మాత్రం పొగ, ఆకు అని రెండు తెలుగు ముక్కలు అతికి, పుట్టుక కూడా మనమే కల్పించాం. గరుత్మంతుడు అమృతం తెస్తుంటే చుక్క జారి పొగచెట్టు మొలిచిందని గిరీశం చదివే పద్యం ఉందిగా. అమెరికా మొక్కకు పురాణం రాసిచ్చిన ఘనత మనది. సీతాఫలం పేరు చూసి రామాయణ కాలానికి వెళ్లేవాళ్లకూ ఇదే జవాబు.

ఇక మీ రెండో సందేహం. బంగాళాదుంప అని రాయండి. బంగాళా అంటే బెంగాల్, ఆ దేశం మీదుగా వచ్చిన దుంప. బంగళా అంటే ఇల్లు, ఆ ఇంటికీ ఈ దుంపకూ పొత్తు లేదు. అయితే మీ పొరపాటుకు ఒక సాకు చెప్పగలను: ఇల్లు అనే అర్థంలోని బంగళా కూడా ‘బెంగాల్ తరహాది’ అనే మాట నుంచే వచ్చింది. రెండూ ఒక ఊరి పిల్లలే. తెలంగాణలో వాడే ఆలుగడ్డ అచ్చులో రాయదగిన మాటే. ఆలు అంటే సంస్కృతంలో పాతకాలపు దుంపల పేరు, కొత్తదానికి దక్కింది. రాయలసీమ ఉర్లగడ్డ తమిళపు ఉరుళైకిళంగుకు దగ్గరిది. ఉరుళై అంటే గుండ్రంగా దొర్లేది.

మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర గిన్నె ముందు ‘బంగళదుంప వేపుడు’ అని అట్టముక్క మీద రాసిపెట్టారు. దీర్ఘాలు రెండూ ఎగిరిపోయాయి. వడ్డించే కుర్రాడితో చెబుదామని నోరు తెరిచేలోపు గరిటెడు వడ్డించేశాడు. వేపుడు బ్రహ్మాండంగా ఉంది, కారం సరిగ్గా పడింది. మళ్లీ పెట్టించుకున్నాను.