క్యాన్సర్‌కు పోసే లక్షలు పీహెచ్‌సీలకు పెడితే మేలు కదా?

మీరు అడిగింది ఇది: ఒక్కో క్యాన్సర్ రోగి మీద ప్రభుత్వం లక్షలు పెడుతోంది, అందులో చాలామంది ఎట్లాగూ బతకరు, అదే డబ్బుతో పల్లెల్లో పీహెచ్‌సీలు బాగు చేస్తే వందలమంది బాగుపడతారు, మరి ముందు దేనికి పెట్టాలి అని.

నేను డాక్టర్ని కాదు. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర పల్లె మాది. 2018లో మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, బతికి బయటపడింది. అంతకు రెండేళ్ల ముందు మా మామ, అంటే అమ్మ తమ్ముడు, నోటి క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఇద్దరి మంచం పక్కన కూర్చున్నప్పుడు తెలిసినవే చెప్తాను.

నిజం చెప్పాలంటే మీ ప్రశ్న చదవగానే కోపం వచ్చింది. "ఎట్లాగూ బతకరు" అనే మాటే మా బంధువు ఒకాయన మా అరుగు మీద కూర్చుని, లోపల అమ్మకు వినపడేటట్టు అన్నాడు. కానీ లెక్క అడగడం తప్పేం కాదు. ఇంగ్లండులో ఆ లెక్క దాచకుండానే వేస్తారు. కొత్త మందు వస్తే, దానివల్ల మనిషికి ఆరోగ్యంగా గడిచే ఒక ఏడాది అదనంగా దక్కడానికి ఎంత ఖర్చవుతుందో నైస్ అనే సంస్థ లెక్కగడుతుంది. చాలా ఏళ్లు 20 వేల నుంచి 30 వేల పౌండ్ల దగ్గర గీత గీశారు. దాటితే సాధారణంగా ఒప్పుకోరు. మన దగ్గర గీత అంటూ ఉంటే అది ఆరోగ్యశ్రీ ప్యాకేజీయే, అంటే ఏ చికిత్సకు ఎంత ఇస్తారో ముందే రాసిపెట్టిన పద్దు. ప్యాకేజీ ఉన్నదానికి డబ్బు వస్తుంది, లేనిదానికి రాదు. నాకు అసలు పేచీ దాంతోనే.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైతే అందులో మాదొకటి. మిగతా రెండు శ్రీకాకుళం, మహబూబ్‌నగర్. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతూ వచ్చింది, అమ్మ వైద్యమప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఊళ్లో మాత్రం ఎప్పుడూ "శ్రీ కార్డు" అనే అంటారు. ఆ కార్డు లేకపోతే అమ్మ లేదు, ఇందులో రెండో మాట లేదు. ఆపరేషన్, ఆరు కీమోలు, 25 సిట్టింగుల రేడియేషన్, వీటికి ఆస్పత్రిలో మేం కట్టింది సున్నా.

మరి అప్పు ఎందుకయింది? మా నాయన దగ్గర చెనిక్కాయల లెక్క రాసే పొడుగాటి పుస్తకం ఒకటి ఉంది. ముందు పేజీల్లో విత్తనాలు, కూలీలు, మూటలు. వెనక నుంచి తిప్పితే "ఆస్పత్రి లెక్క". ఆయన రాసుకున్నది ఇట్లా ఉంటుంది: "బస్సు ముగ్గురికి", "ఆటో", "ముక్క పరీక్ష", "కీము సూది బయట", "గది అడ్వాన్సు", "టెంకాయనీళ్లు 2". అడుగున కూడిక 1,76,000. అందులో పరీక్షలూ బయట కొన్న మందులూ కలిపితే 75 వేల లోపే. మిగతాదంతా బస్సులు, ఆటోలు, తిండి, గది అద్దె, నూటికి రెండు రూపాయల వడ్డీ.

పరీక్షల డబ్బు ఎందుకు కట్టామంటే, మా విషయంలో కార్డు పని చేసింది జబ్బు పేరు ఖాయమయ్యాకనే. పేరు ఖాయం చేసుకునే ఖర్చు మాది. ఇంక రేడియేషన్ సంగతి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పది నిమిషాల పని, ఐదు వారాలు. ఊరి నుంచి రోజూ కర్నూలుకు పోయి రాలేం కదా. బుధవారపేటలో ఒక గది తీసుకున్నాం. మిషన్ చెడిపోయి రెండు రోజులు ఆగితే ఆ రెండు రోజుల అద్దె కూడా మాదే. ఆ ఏడాది చేను బీడు పడిన సంగతి నాయన పుస్తకంలో ఎక్కడా లేదు. వైద్యం తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 దాకా ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరులో మొదలైంది, అప్పటికి మా పని అయిపోయింది.

ఇప్పుడు మీ పీహెచ్‌సీ దగ్గరికి వస్తాను. అమ్మకు గడ్డ తగిలింది సంక్రాంతికి. అప్పుడు చెనిగ్గింజంత ఉండిందంట. మాకు చెప్పింది దసరాకు, నిమ్మకాయంత అయినాక. "నొప్పి లేదు కదప్పా, నొప్పొస్తే చెప్దాంలే అనుకున్నా" అంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు, మోసం అక్కడే. ఆ తొమ్మిది నెలలూ పీహెచ్‌సీ తరఫున ఇంటింటికీ తిరిగే నర్సు, ఏఎన్ఎం అక్క, నెలనెలా మా వీధిలోకి వస్తూనే ఉంది. అమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టి, చూసి, మాత్రలిచ్చి పోయేది. పట్టీకీ గడ్డకీ మధ్య జానెడు దూరం. ఆమెను తప్పు పట్టను, ఆమె చేతిలో ఉన్న రిజిస్టర్లో ఆ గడి లేదు. 30 ఏళ్లు దాటిన వాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ఊళ్లోనే చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా కాదు.

డాక్టర్ మమ్మల్ని చూసి, ఆర్నెల్ల ముందు వచ్చుంటే సగం పని తప్పేదమ్మా అన్నాడు. అంటే మీరు పీహెచ్‌సీకి పెట్టాలంటున్న డబ్బు క్యాన్సర్ డబ్బే. ఒకదాని నోటి దగ్గరిది తీసి ఇంకొకదానికి పెట్టడం కాదు. నన్ను అడిగితే కార్డులో ఒక్క రూపాయి తగ్గించకుండా, ముందు ఏఎన్ఎంకు ఆ గడి, దాన్ని నింపే తీరిక, తేడా కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ఇవ్వాలి. 2023 డిసెంబరులో కార్డు పరిమితి 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచినప్పుడు మా ఊళ్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ అమ్మకు అప్పుడు కావలసింది ఐదు నిమిషాల పరీక్ష.

"లక్షలు" అనే మాట గురించి కూడా. ఆ లక్షలు మందు తయారు చేయడానికి అయిన ఖర్చే అనుకోకండి. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్‌ను బేయర్ కంపెనీ నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. 2012లో కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఒకరిదైనా ఇంకొకరు ఆ మందు చేసుకోవచ్చనే ప్రభుత్వ అనుమతి, ఇచ్చాక మన హైదరాబాదు నాట్కో అదే మందును నెలకు 8,880కి ఇచ్చింది. అంత పెద్ద కథ దాకా ఎందుకు, కీమో తర్వాత తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ డబ్బా మీద 8 వేల చిల్లర ఉంటే మొదటి రెండుసార్లు అంతా కట్టాం. మూడోసారి పక్క బెడ్ ఆవిడ కొడుకు హోల్‌సేల్ షాపు చూపించాడు, అదే డబ్బా 1,900. నాయన పుస్తకంలో ఆ మొదటి రెండు అంకెల చుట్టూ సున్నాలు చుట్టి ఉంటాయి. 2019లో కేంద్రం 42 క్యాన్సర్ మందుల మీద అమ్మకందారుల మార్జిన్ 30 శాతం దాటకూడదని ఆదేశం ఇచ్చింది. ఇట్లాంటి పనికి ఖజానా నుంచి పెద్దగా పోయేదేం లేదు.

చికిత్స దగ్గరికి తేవడం కూడా ఇదే కోవ. కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కట్టారు. జిల్లా ఆస్పత్రుల్లో 200 డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025–26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. మూడు వారాలకోసారి కీమోకు కర్నూలు పోయే పని అనంతపురంలోనే అయిపోతే నాయన లెక్కలో బస్సుల పద్దు సగం కొట్టేయొచ్చు. రేడియేషన్‌కు మాత్రం అక్కడ దారి ఉండదు.

ఇక మీరు "బతకరు" అన్నవాళ్లు. మా మామ అట్లాంటివాడే. ముప్పై ఏళ్లు ఆకూ పొగాకూ నమిలాడు. దవడ తీసేసిన ఆపరేషన్‌కు ప్యాకేజీ వచ్చింది. ఆర్నెల్లకు జబ్బు మళ్లీ వచ్చింది. ఇంటికి తీసుకుపోండి అన్నారు. చివరి నలభై రోజులు మామ పడుకోలేదు. గోడకు తల ఆనించి, తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చునేవాడు, పిల్లలకు అరుపు వినపడకూడదని. అంత నొప్పినీ తగ్గించే మార్ఫిన్ మాత్ర ఉంటుందని మాకు చెప్పినవాళ్లు లేరు. తెలిశాక అడిగిన చోటల్లా లేదన్నారు. ఆ మాత్ర పెట్టుకోవడానికి ఆస్పత్రులు నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవాల్సిన పాత పద్ధతిని 2014లోనే చట్టం మార్చి ఒక్క అనుమతికి తెచ్చారు, మామ పోయింది 2016లో. ఒక్కో మాత్ర పది రూపాయల లోపు. దానికి ఏ ప్యాకేజీ ఉందని ఎవరు అడుగుతారు?

మీ ఇంట్లోనో వీధిలోనో ఎవరినైనా "ఇంటికి తీసుకుపోండి" అని పంపిస్తే, డిశ్చార్జి కాగితం తీసుకునే ముందే డాక్టరును రెండు అడగండి: నొప్పికి మార్ఫిన్ రాస్తారా, అది ఎక్కడ దొరుకుతుంది. రాయించుకుని, చీటీ చేతిలో పెట్టుకునే బయటికి రండి.