అమ్మలూ, ఆ ఇల్లు ఇంకా పోలేదు

అమ్మలూ,

రాత్రి పదకొండింటికి "మావయ్యా, ఈ ఇల్లు కూడా పోయింది" అని ఏడుపు బొమ్మలు పెట్టి మెసేజ్ పంపావు కదా, పొద్దున్నే నువ్వు పంపిన ఆ ఇంటి ప్రకటన స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూశాను. పోలేదే పిచ్చిపిల్లా. దాని మీద ఉన్నది 'యాక్టివ్ ఆప్షన్ కాంట్రాక్ట్'. నువ్వు చివరి మాట ఒక్కటే చదివి మిగతా రెండూ వదిలేశావు. డాలస్‌కి వచ్చిన కొత్తలో నేనూ ఇదే పని చేశాను, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు, అల్లుడికి కూడా చదివి వినిపించు.

టెక్సాస్‌లో కాంట్రాక్ట్ మీద సంతకాలు అయ్యాక కొనేవాళ్లు ఆప్షన్ ఫీజు అని కొంత డబ్బు కడతారు, మామూలుగా కొన్ని వందల డాలర్లు. దానికి బదులు వాళ్లకి కొన్ని రోజుల గడువు దొరుకుతుంది. వారం అటూ ఇటూ ఉంటుంది, అదీ మాట్లాడుకున్నదాన్ని బట్టే. ఆ గడువులో ఏ కారణమూ చెప్పకుండా "మాకు వద్దు" అని వెళ్లిపోవచ్చు. అమ్మేవాడికి మాత్రం ఆ సౌకర్యం లేదు, రేపు ఇంకొకరు ఇరవై వేలు ఎక్కువిస్తామన్నా కట్టుబడే ఉండాలి. అంటే నువ్వు చూసిన ఇంట్లో ఇప్పుడు లోపాలు వెతికే ఇన్‌స్పెక్టర్ టార్చిలైటు పట్టుకుని అటక మీద తిరుగుతూ ఉంటాడు, కొనేవాళ్లు ఇంకా గడప మీదే ఉన్నారు.

ఇక్కడ నేల సంగతి కూడా తెలుసుకో. డాలస్ చుట్టుపక్కల చాలా చోట్ల మన గుంటూరు వైపు నల్లరేగడి లాంటి నేలే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, దాంతో పాటు పునాదీ కదులుతుంది. రిపోర్టులో 'ఫౌండేషన్' అన్న మాట కనబడగానే బెదిరిపోయి వెనక్కి వెళ్లేవాళ్లు ఎందరో. నేను ఇష్టపడిన మొదటి ఇల్లు అలాగే వదిలేశాను, ఎవరో కొనేసుకున్నారనుకుని. పది రోజులకి అది మళ్లీ మార్కెట్‌లోకి వచ్చిందట, నేను చూసేసరికి వేరేవాళ్లు సంతకం పెట్టేశారు. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ వీధి మీదుగా వెళ్తే కారు నెమ్మది చేయమంటుంది.

కాబట్టి బ్యాకప్ ఆఫర్ అని ఒకటి ఉంటుంది, దాని గురించి మీ ఏజెంట్‌తో మాట్లాడు. మొదటివాళ్లు తప్పుకుంటే ఇల్లు నేరుగా నీకు వస్తుంది, మళ్లీ పదిమందితో పోటీ పడక్కర్లేదు. దానికీ ఎర్నెస్ట్ మనీ కట్టాలి, అదే మన బయానా అనుకో. కాకపోతే అమ్మేవాడి చేతికి ఇవ్వం, మధ్యలో డబ్బూ కాగితాలూ చూసుకునే టైటిల్ కంపెనీ దగ్గర ఉంటుంది. రాసుకున్న తేదీలోపు మొదటి కాంట్రాక్ట్ రద్దు కాకపోతే నీ బయానా నీకు తిరిగొస్తుంది. ఒక్క జాగ్రత్త, బ్యాకప్‌లో ఉంటూ ఇంకో ఇంటికి సంతకం పెట్టావనుకో, రెండూ ఒకేసారి మెడకి చుట్టుకుంటాయి.

'యాక్టివ్ కిక్ అవుట్' అని కనబడితే ఇంకా ఆశ ఉంది. అక్కడ కొనేవాళ్లు తమ పాత ఇల్లు అమ్ముడుపోతేనే ఇది కొంటామని షరతు పెట్టారన్నమాట. నీ ఆఫర్ నచ్చితే అమ్మేవాడు వాళ్లకి నోటీసిస్తాడు, షరతు వదులుకుంటారా, ఇల్లు వదులుకుంటారా అని. 'యాక్టివ్ కంటింజెంట్' అంటే లోను రావడం లాంటి షరతు ఏదో ఇంకా తీరలేదని, అదేమిటో అడిగి తెలుసుకోవాలి. 'పెండింగ్' అంటే ఆ గడువులూ షరతులూ దాటి అమ్మకం పూర్తయ్యే దారిలో ఉందని, దానికి మాత్రం దండం పెట్టి ముందుకి సాగిపో. అక్కడా ఎప్పుడైనా తప్పిపోతుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని శనివారాలు పాడుచేసుకోవద్దు. 'కమింగ్ సూన్' అంటే ఇంకా చూడనివ్వరు, తేదీ రాసి పెట్టుకో చాలు.

'బ్యాక్ ఆన్ మార్కెట్' అని ఉంటే చాలామంది ఏదో దోషం ఉందని పారిపోతారు, నేనైతే ఫోన్ చేస్తాను. వాళ్లకి లోను రాకపోయి ఉండొచ్చు, అది ఇంటి తప్పు కాదుగా. ఇంటి సంగతులు అమ్మేవాడు రాసిచ్చే డిస్‌క్లోజర్ ఫారం అని ఒకటి ఉంటుంది, ఇక్కడి రియల్టర్లు వాడే ఆ ఫారంలో గత 4 ఏళ్లలో వచ్చిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల గురించి ప్రశ్న ఉంటుంది, ఉంటే జత చేయాలి. ముందు అది తెప్పించుకుని చదువు.

'విత్‌డ్రాన్' అంటే ప్రకటన తీశారు కానీ అమ్మేవాడికి తన ఏజెంట్‌తో ఒప్పందం ఇంకా ఉండొచ్చు, నేరుగా వెళ్లి తలుపు కొట్టకు. 'ఎక్స్‌పైర్డ్' అయితే ఆ ఒప్పందమే ముగిసింది, ధర ఎక్కువ చెప్పి అమ్ముకోలేకపోయినవాళ్లు ఎక్కువగా ఇందులోనే ఉంటారు, ఇప్పుడు బేరానికి దిగొచ్చేమో మీ ఏజెంట్ చేత అడిగించు. 'సోల్డ్' అయిన ఇళ్లకి సైట్లో ధర కనబడట్లేదని అడిగావు. టెక్సాస్‌లో అమ్మిన ధర బయటపెట్టాలన్న నియమం లేదు. చుట్టుపక్కల ఎంతకి పోయాయో మీ ఏజెంట్ చూసి చెప్పగలడు.

ఇంకోటి, నువ్వు చూసే యాప్‌లలో ఈ తేడాలు చాలాసార్లు కలిసిపోతాయి, ఆలస్యంగా కూడా మారతాయి. అమ్మకానికున్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు పెట్టి చూసుకునే జాబితా ఎం.ఎల్.ఎస్., అందులో ఏముందో అదే అడుగు.

రేపు నువ్వు కొనే ఇంటికీ ఆప్షన్ గడువు వస్తుంది కదా, ఆఖరి రోజు సాయంత్రం 5 గంటలకి అది అయిపోతుంది, అర్ధరాత్రికి కాదు. నా స్నేహితుడొకడు ఆఫీసు మీటింగ్ అయ్యాక ఏడింటికి రద్దు నోటీసు పంపాడు, బయానా అక్కడే వదులుకోవాల్సి వచ్చింది.

ఇవాళ మధ్యాహ్నంలోపు మీ ఏజెంట్‌కి ఫోన్ చేసి రెండే అడుగు, వాళ్ల ఆప్షన్ ఏ రోజుతో అయిపోతుంది, బ్యాకప్ తీసుకుంటారా అని. మధ్యలో అల్లుణ్ణి అటు ఓసారి వెళ్లి రమ్మను. తూర్పు ముఖం అని రాశారు గానీ ఫొటోలో నీడ చూస్తే నాకెందుకో అనుమానంగా ఉంది.

మీ మావయ్య